విమానమా, సర్క్యూటా? జీవితాంతం నిలిచే హాబీ ఏది?

మా అక్క కొడుకు కాజీపేటలో ఇంటర్ చదువుతున్నాడు. దసరా సెలవుల్లో ఇంటికొచ్చి, "మామా, పన్నెండు వేలు దాచుకున్న. రిమోటుతో ఎగరేసే ఆర్సీ విమానం మొదలుపెట్టాల్నా, ఎలక్ట్రానిక్స్ సామాను కొనుక్కోవాల్నా?" అని అడిగాడు. పదిహేడేళ్లుగా హనుమకొండలో రెండూ చేస్తున్నవాణ్ణి. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

డబ్బు లెక్క తేలికే. విమానానికి రిమోటు, రిసీవర్‌కే దాదాపు సగం పోతుంది. మిగతాది బ్రష్‌లెస్ మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, రెక్క, తోక పలకల్ని కదిలించే 9 గ్రాముల సర్వోలు (చిన్న మోటార్లు), మూడు సెల్స్ ఉండే 11.1 వోల్టుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, ఆ సెల్స్ అన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ ఛార్జరు కొనేసరికి అయిపోతుంది. బాడీకి ఖర్చు తక్కువ. బోర్డులు చేసే షాపులో దొరికే సన్‌ప్యాక్ అనే ప్లాస్టిక్ షీటు కాస్త బరువైనా దెబ్బలు తట్టుకుంటుంది. డెప్రాన్ అనే ఫోమ్ షీటు తేలిక, కానీ త్వరగా విరుగుతుంది. ఎలక్ట్రానిక్స్‌కైతే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, అతకకుండానే భాగాలు గుచ్చి కలిపే బ్రెడ్‌బోర్డు, ప్రోగ్రాం రాసి నడిపే చిన్న ఆర్డుయినో బోర్డు ఒకటి ఉంటే రెండు వేలలోపే బల్ల సిద్ధం.

అసలు తేడా డబ్బులో లేదు, మన నేలలో ఉంది. విమానానికి ఖాళీ జాగా కావాలి. మా వైపు అది ఏడాది పొడవునా దొరకదు. వానాకాలం వరి కోసిన తర్వాత, యాసంగి నాట్లకు నీళ్లు పెట్టేలోపు కొన్ని వారాలే మడి ఎండి ఉంటుంది. కాలువ కింది పొలాల్లో ఆ కొన్ని వారాలు కూడా ఉండవు. పత్తి చేలల్లో దిగితే కట్టెలు రెక్కను చీల్చేస్తాయి. ఎండాకాలం చెరువు శిఖం ఎండితే మంచి మైదానమే, కానీ పొద్దున ఎనిమిది దాటాక వేడిగాలి లేచి తేలికపాటి విమానాన్ని నిలవనివ్వదు. ఊరి పక్క ఖాళీగా ఉన్న చోట్లు ఒక్కొక్కటే ప్లాట్లవుతున్నాయి. మామునూరులో నిజాం కాలపు ఎయిర్‌స్ట్రిప్‌ను మళ్లీ విమానాశ్రయం చేసే పని మొదలైంది కాబట్టి అటువైపు ఎగరేసే ఆలోచనే వద్దు. ఎక్కడైనా సరే, ముందు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడాలి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 2 కిలోల లోపు దాన్ని వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతమాత్రాన ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు.

అయినా విమానం నేర్పిన శ్రద్ధ నాకు మరే పనీ నేర్పలేదు. రెక్క వెడల్పు (ముందు అంచు నుంచి వెనక అంచు దాకా) 20 సెంటీమీటర్లయితే ముందు అంచు నుంచి 5, 6 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్లమీద పెట్టినప్పుడు విమానం సమంగా నిలవాలి. తోక బరువైతే గాల్లో అది మన మాట వినదు. నా రెండో విమానానికి ఈ కొలతలన్నీ సరిగ్గానే కుదిరాయి, కానీ ఐలరాన్లు (విమానాన్ని పక్కకు వంచే రెక్క వెనక పలకలు) తిరగేసి ఉన్నాయని చూసుకోలేదు. స్టిక్ కుడికి తిప్పితే కుడి ఐలరాన్ పైకి లేవాలి. నాది కిందికి దిగింది. మూడు సెకన్లలో తుమ్మచెట్టులో పడింది. రెండు నెలల పని, ముక్కలు ఏరుతుంటే చేతులు వణికాయి. ఆ రోజు నుంచి విసిరే ముందు ప్రతి సర్వోనూ ఒకసారి కదిలించి చూడకుండా చెయ్యి ఎత్తను.

ఎలక్ట్రానిక్స్‌లో తప్పు ఇలా పేలినట్టు బయటపడదు. మా ఇంటి మీది ట్యాంకుకు నీటిమట్టం చూపే ఇండికేటర్ చేశాను. చిన్న స్విచ్చుల్లా పనిచేసే రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు, కొన్ని ఎల్ఈడీలు, నీళ్లలోకి రాగి తీగలు. అద్భుతంగా పనిచేసింది, ఐదు నెలలు. తర్వాత ట్యాంకు నిండినా లైటు వెలగలేదు. తీసి చూస్తే పాజిటివ్ తీగ సగం కరిగిపోయింది. నీళ్లలో కరెంటు ఎప్పుడూ ఒకే దిశలో పారితే పాజిటివ్ వైపు లోహం కరుగుతూ పోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలు వేసి, పది సెకన్లకోసారి క్షణంపాటే కరెంటు ఇచ్చేలా ఆర్డుయినోతో మార్చాను. తొమ్మిదేళ్లయింది, అమ్మ ఇప్పటికీ ఆ లైటు చూసే మోటారు ఆపుతుంది. ఇంట్లోవాళ్లు రోజూ వాడుకునే వస్తువు చేయడంలో ఉన్న తృప్తి వేరు.

వయసు సంగతీ చూడాలి. నలభై ఐదు దాటాక వంద మీటర్ల దూరంలో విమానం మనవైపు వస్తోందో అటు పోతోందో కనిపెట్టడం కష్టం. పెద్ద రెక్క, నెమ్మదిగా ఎగిరే డిజైన్, అడుగున వేరే రంగు వేస్తే కొంత నయం. సోల్డరింగ్‌కు ఒక భూతద్దం సరిపోతుంది. వానపడుతున్న రాత్రి కూడా బల్ల ముందు కూర్చోవచ్చు. ఉద్యోగం మారినా, ఊరు మారినా డబ్బాలో పెట్టుకుని పోవచ్చు.

కాబట్టి ఒక్కటే ఎంచుకోవాలంటే నా ఓటు ఎలక్ట్రానిక్స్‌కే. పైగా అది చేతికొస్తే విమానం సగం వచ్చినట్టే. ఈఎస్‌సీ వైర్లు అతకడం, లిపో సెల్ 3 వోల్టుల కిందికి దిగకుండా చూసుకోవడం, వాడనప్పుడు సెల్‌ను 3.8 వోల్టుల దగ్గర దాచడం అన్నీ ఈ బల్ల మీద నేర్చుకునేవే. రెడీమేడ్ విమానం కొంటానని వాడు మధ్యలో అన్నాడు కానీ, కొన్నదాన్ని విరిగినప్పుడు బాగుచేసుకోవడం రాదని వద్దన్నాను.

వాడు ఐరన్, మల్టీమీటర్ కొనుక్కున్నాడు. మిగిలిన పైసలు రిమోటు కోసం పక్కన పెట్టాడు. ఈలోపు థర్మాకోల్‌తో మోటారు లేని చిన్న గ్లైడరొకటి చేస్తున్నాం. ముక్కుకు రూపాయి బిళ్ల అతికించి బరువు సరిచేశాడు, నిన్న డాబా మీద నుంచి విసిరితే ఎదురింటి గేటు దాకా తిన్నగా పోయింది. వరి కోతలయ్యాక మడిలో విసురుదామని వాడే అన్నాడు.