నాలుగేళ్లుగా నోటితో కథలు రాస్తున్నాను

2021 చివర్లో కుడి మణికట్టు నొప్పి వల్ల డాక్టరు మూడు నెలలు టైపు చేయవద్దన్నారు. అప్పుడు ఫోనులోని తెలుగు వాయిస్ టైపింగు మొదలుపెట్టాను. నొప్పి తగ్గింది, అలవాటు మిగిలింది. ఇప్పటికి పదకొండు కథలు అలాగే రాశాను.

వేగం నిజమే. కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్‌లో 'లక్ష్మి' అంటే ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. నోటితో అయితే ఒక్క మాట. పైగా నోరు తిరగని వాక్యం దానంతటదే రాలిపోతుంది. నా వాక్యాలు పొట్టివయ్యాయి, సంభాషణల్లో ఊపిరి వచ్చింది. పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం నుంచి నడుస్తూ చెప్పుకుంటూ పోతాను. గాలి గట్టిగా ఉన్న రోజు సగం మాటలు అలల హోరులో పోతాయి. చెవికి పెట్టుకునే మైకు కొన్నాక కొంత నయం.

నన్ను నిజంగా బాధపెట్టింది వేరు. మా అమ్మది పార్వతీపురం వైపు. ఆమె పిల్లాడిని 'గుంటడు' అంటుంది, భూస్వామిని 'బుగత' అంటుంది. ఫోను మొదటిదాన్ని 'గంట' చేసింది, రెండోదాన్ని 'భగత్' చేసింది. ఎక్కువగా వాడుకలో ఉన్న మాటల వైపే మొగ్గడం ఈ యంత్రాల పద్ధతి. అరుదైన మాట వాటి లెక్కలో ఓడిపోతుంది. దిద్దుకుంటే సరిపోతుందనుకున్నాను. కాని నిరుడు ఒక పాత కథ తిరగేస్తే, అందులో జాలారిపేటలో చేపలమ్మే మనిషి వార్తాపత్రికలా మాట్లాడుతోంది! ఫోనుకు అర్థమయ్యే మాటలనే నేను ముందుగా ఎంచుకుంటున్నానని అప్పుడు తెలిసింది. కథకుడు రావిశాస్త్రి గారు ప్లీడరుగా తిరిగిన ఊరిలో, ఈ నేల మాటలను కథల్లోకి తెచ్చిన ఊరిలో, నేను ఆ పని చేశాను. చాలా సిగ్గనిపించింది.

ఇంకొకటి మౌనం. కొన్ని సెకన్లు ఊరుకుంటే నా ఫోనులో మైకు ఆగిపోతుంది. అది ఆగకూడదన్న తొందరలో మనసు దగ్గరగా ఉన్న మాటనే అనేస్తుంది. కాగితం మీద పెన్సిలు ఆగినప్పుడు వచ్చే రెండో మాట, మూడో మాట నాకు రావడం మానేశాయి. కథలో ప్రాణం ఉండేది ఆ మూడో మాటలోనే.

అందుకని ఆరు నెలలుగా కథనం మాత్రమే నోటితో చెబుతున్నాను. మనుషుల మాటలన్నీ గీతల నోటుపుస్తకంలో పెన్సిలుతో రాస్తున్నాను. పని నెమ్మదించింది. చేతినొప్పి ఉన్నవారికి, ఉత్తరాలు, వ్యాసాలు రాసేవారికి వాయిస్ టైపింగును నిశ్చింతగా వాడమంటాను. ఇంటి యాస మీద ప్రేమతో కథ రాసేవారు మాత్రం మొదటి ప్రతిని ఫోనుకు అప్పగించవద్దు.

మొన్న కొత్త కథ అమ్మకు చదివి వినిపించాను. 'గుంటడు' దగ్గర నన్ను ఆపి, ఆ వాక్యం మళ్లీ చదవమంది.