బాలాజీ కాలనీలో మయోసిన్ క్లాసు ఎలా ఉందంటే

నెట్ పరీక్షకు చదువుతూ, కండరాలను కదిలించే ప్రోటీన్ అయిన మయోసిన్ దగ్గర నెలల తరబడి ఆగిపోయిన నాకు, తిరుపతి బాలాజీ కాలనీలోని ఒక చిన్న కోచింగ్ సెంటర్లో విన్న రెండు ఆదివారాల క్లాసు చాలా పనికొచ్చింది. సార్ ముందు బోర్డు మీద కండరాల్లో ఉండే రకమైన మయోసిన్-2 గీశారు: రెండు పెద్ద గొలుసులు, నాలుగు చిన్న గొలుసులు, యాక్టిన్ అనే సన్నని ప్రోటీన్ పోగును పట్టుకునే రెండు తలలు, పేనిన తాడులాంటి తోక. కణానికి శక్తినిచ్చే ఏటీపీ వస్తే ఆ తలల పట్టు బిగుస్తుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను, నిజానికి అప్పుడే పట్టు వదులుతుందట, అందుకే చనిపోయాక ఏటీపీ అయిపోయి శరీరం బిగుసుకుపోతుందని ఆయన చెప్పగానే నా చిక్కు విడిపోయింది.

నియంత్రణ భాగం ఇంకా బాగా చెప్పారు. చేతులూ కాళ్ళ కండరాల్లో కాల్షియం యాక్టిన్ పోగు మీదుండే ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటే, యాక్టిన్ మీద మయోసిన్ పట్టుకునే చోటు తెరుచుకుంటుంది. పేగులు, రక్తనాళాల గోడల్లో అలా కాదు, కాల్షియం, దాన్ని పట్టుకునే ప్రోటీన్ కాల్‌మోడ్యులిన్ కలిసి ఒక కైనేజ్‌ను (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌ను) పనిలోకి దించితే అది మయోసిన్ చిన్న గొలుసుకే ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆ ఫాస్ఫేట్ లేనప్పుడు మయోసిన్ తోక మడుచుకుని ఊరికే ఉంటుంది.

యాక్టిన్ మీద సుమారు 36 నానోమీటర్ల అడుగులేసే మయోసిన్-5, దానికి ఎదురు దిక్కున నడిచే మయోసిన్-6 మాత్రం పది నిమిషాల్లో ముగించేశారు, అది నాకు నచ్చలేదు. జిరాక్స్ నోట్స్ మసక. గదికి ఒకటే ఫ్యాన్, ముందే వెళ్ళి దాని కింద కూర్చోండి.