విరిగిన ఎముకకు ఏ ప్లేటు మేలు: స్టీలా, టైటానియమా?

నెల్లూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు నుంచి ఎముక విరిగిన మనిషిని తీసుకుని చెన్నై ఆసుపత్రికి చేరిన బంధువులకు ఎక్స్‌రే చూశాక ఎదురయ్యే ప్రశ్న ఇది: "ప్లేటు స్టీలు వెయ్యమంటారా, టైటానియం వెయ్యమంటారా?" ధరలో తేడా బాగానే ఉంటుంది. ఆలోచించుకోవడానికి అరగంట కూడా దొరకదు. పక్క మంచం వాళ్ళు "మంచిదే వెయ్యమనండి" అంటారు. మంచిదంటే వాళ్ళ లెక్కలో ఖరీదైనది.

పెద్దవాళ్ళ ముంజేతి ఎముకలకు స్టీలు ప్లేటు నిక్షేపంగా సరిపోతుంది. తొడ ఎముక మోకాలికి దగ్గరగా నాలుగైదు ముక్కలైతే మాత్రం టైటానియానికి పెట్టే అదనపు డబ్బుకు అర్థముంది. ఆ తేడా ఎందుకొస్తుందో తెలియాలంటే లోహం లోపలికి వెళ్ళాక ఒళ్ళు దాన్ని ఏం చేస్తుందో ముందు చూడాలి.

లోహం చుట్టూ జరిగేది

డ్రిల్లు చేసిన రంధ్రంలోకి స్క్రూ దిగిన కొన్ని సెకన్లలోనే రక్తంలోని ఆల్బుమిన్, ఫైబ్రినోజెన్, ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రొటీన్లు దాన్ని పొరలా కప్పేస్తాయి. ఆ తర్వాత వచ్చే కణాలకు తగిలేది ఈ ప్రొటీన్ పొరే. మొదటి ఒకటి రెండు రోజులు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఎక్కువగా ఉంటాయి, వాటి వెనక పరాయి వాటిని మింగే మాక్రోఫేజ్ కణాలు వస్తాయి. మింగలేనంత పెద్ద వస్తువు కనబడితే కొన్ని మాక్రోఫేజ్‌లు ఒకదానితో ఒకటి కలిసిపోయి రాక్షస కణాలవుతాయి. చివరికి ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొలాజెన్ అనే పీచు ప్రొటీన్ అల్లి, ఆ వస్తువు చుట్టూ పల్చని తొడుగు కడతాయి. దేహంలోకి వచ్చిన ఏ పరాయి వస్తువుకైనా జరిగేది దాదాపు ఇదే. తొడుగు ఎంత మందం, ఎముక ఎంత దగ్గరికి వస్తుంది అన్న దగ్గరే లోహాలు వేరుపడతాయి.

టైటానియం మీద కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఎప్పుడూ ఉంటుంది. గీత పడినా రెప్పపాటులో మళ్ళీ ఏర్పడుతుంది. దాన్ని ఆనుకుని ఎముక నేరుగా పెరగగలదు. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో రక్త ప్రవాహం చూడటానికి గది లాంటి చిన్న టైటానియం పరికరం ఒకటి అమర్చారు. పని అయ్యాక తీయబోతే అది ఎముకతో కలిసిపోయి రాలేదు. 1965లో ఆయన మొదటి రోగికి టైటానియం దంతమూలాలు పెట్టారు. ఈ రోజు పన్ను ఇంప్లాంట్లు దాదాపు అన్నీ అదే లోహం.

స్టీలు సంగతి వేరు. ఎముక విరిగినప్పుడు వాడేది 316ఎల్ రకం: క్రోమియం 17 నుంచి 19 శాతం, నికెల్ 13 నుంచి 15 శాతం, కొంచెం మాలిబ్డినం. అద్దంలా పాలిష్ చేసిన ఈ ప్లేటుకీ ఎముకకీ మధ్య సాధారణంగా పీచు పొర మిగిలిపోతుంది. ఇందులో లోహం పాత్రతో పాటు ఉపరితలం గరుకు పాత్ర కూడా ఉంది. టైటానియాన్నీ అంతే నున్నగా పాలిష్ చేస్తే దాని చుట్టూ కూడా పీచు పొర ఎక్కువవుతుంది. పన్నుకో, సిమెంటు లేకుండా బిగించే తుంటి కీలుకో ఆ పొర వస్తే ఇంప్లాంటు కదిలిపోయినట్టే. ప్లేటుకు అది నష్టం కాదు, ఎందుకంటే ఎముక అతికేదాకా పట్టి ఉంచడమే దాని ఉద్యోగం. పైగా తీసేటప్పుడు ఆ పొర ఉపకారం చేస్తుంది.

బిర్రుతనం: అసలు తేడా ఇక్కడ

బిర్రుతనం అంటే బరువు పడినా సులువుగా వంగని గుణం, దాన్ని గిగాపాస్కల్స్‌లో కొలుస్తారు. గట్టి ఎముక బిర్రుతనం 15 నుంచి 20 గిగాపాస్కల్స్. టైటానియం మిశ్రమానిది 110 దాకా, 316ఎల్ స్టీలుది 190 దాకా. ఈ అంకెలు చూపించి "స్టీలు బిర్రు కాబట్టి చెడ్డది" అనేస్తారు. అంత తేలిక కాదు.

విరిగిన చోట ముక్కల మధ్య కదలిక ఎంతుందో చూసుకుని ఎముక తన దారి ఎంచుకుంటుంది. సందు వెడల్పులో 2 శాతం లోపు కదలిక ఉంటే నేరుగా అతుకుతుంది. 2 నుంచి 10 శాతం మధ్య ఉంటే చుట్టూ కాలస్ అనే కొత్త ఎముక ముద్ద కట్టి అతుకుతుంది. అంతకు మించితే పీచు కణజాలమే మిగులుతుంది, ఎముక పడదు. ముంజేతిలో రేడియస్, అల్నా అనే రెండెముకలూ అడ్డంగా విరిగితే 3.5 మిల్లీమీటర్ల స్క్రూల ప్లేటుతో రెండు కొనలనూ నొక్కి బిగిస్తారు. అక్కడ కావలసింది కదలిక లేకపోవడం. స్టీలు ఆ పని చక్కగా చేస్తుంది.

తొడ ఎముక కింది భాగం ముక్కలైనప్పుడు ముక్కలన్నిటినీ నొక్కి కలపలేరు. పొడవాటి లాకింగ్ ప్లేటును, అంటే స్క్రూ తలలు తన మరల్లోనే బిగుసుకునే ప్లేటును, వంతెనలా వేస్తారు. అక్కడ కొంచెం కదలిక ఉండి కాలస్ కట్టాలి. స్టీలు లాకింగ్ ప్లేటు తీసుకుని కనబడిన ప్రతి రంధ్రంలోనూ స్క్రూ దింపితే అది మరీ బిగిసిపోతుంది. కాలస్ రాదు. బరువంతా ప్లేటే మోసి మోసి, ఎముక అతక్క ముందే ఏదో ఒక రంధ్రం దగ్గర విరుగుతుంది. ఇలాంటి విరుపుల్లో స్టీలు కంటే టైటానియం ప్లేటు కింద కాలస్ ఎక్కువ కడుతుందని రోగుల ఎక్స్‌రేల పరిశీలనలో తేలింది. అయితే స్టీలుతోనూ దారి ఉంది: పొడవైన ప్లేటు, రంధ్రాల్లో సగం కంటే తక్కువ స్క్రూలు, విరుపుకు దగ్గరగా రెండు మూడు రంధ్రాలు ఖాళీ. సర్జన్‌కు ఆ లెక్క తెలిసి ఉంటే లోహం రెండో ప్రశ్న అవుతుంది.

ప్లేటు కింద ఎముక పల్చబడుతుందన్న భయం ఉంది. నిజమే, పల్చబడుతుంది. బరువు ప్లేటు మోయడం ఒక కారణం. ఎముక పైపొరను ప్లేటు అదిమేసి రక్తం అందకుండా చెయ్యడం మరో కారణం, తొలి నెలల్లో కనబడేదానికి ఇదే ముఖ్యం. అందుకే కింది వైపు గాడులు పెట్టి ఎముకకు తక్కువగా తగిలేలా చేసిన ప్లేట్లు వచ్చాయి. అవి రెండు లోహాల్లోనూ దొరుకుతాయి.

ఇన్‌ఫెక్షన్, నికెల్, ఎమ్మారై

లోహం మీద చోటు కోసం మన కణాలకూ సూక్ష్మజీవులకూ పరుగు పందెం జరుగుతుంది. స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా ముందు చేరి జిగురు పొర కట్టుకుందంటే యాంటీబయాటిక్ దాని మీద సరిగా పని చెయ్యదు, చివరికి ప్లేటే తియ్యాల్సి రావచ్చు. కుందేళ్ళ మీద చేసిన ప్రయోగాల్లో టైటానియం చుట్టూ ఇన్‌ఫెక్షన్ తక్కువ కనబడింది. స్టీలు చుట్టూ తొడుగులో ద్రవం నిండిన ఖాళీ మిగలడం సూక్ష్మజీవులకు కలిసొస్తుందని వివరణ. అయితే చర్మం చీలి ఎముక బయటపడిన గాయానికి మొదటి యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడింది, మట్టీ చచ్చిన కండా ఎంత బాగా తీశారు, షుగర్ అదుపులో ఉందా, మనిషి సిగరెట్ మానాడా, ఇవి లోహం ఎంపిక కంటే పెద్ద విషయాలు. టైటానియానికి పెట్టే డబ్బు అందుకు బదులు కాదు.

రోల్డ్ గోల్డ్ కమ్మలు, జీన్స్ గుండీ, వాచీ బకిల్ తగిలిన చోట దురద, దద్దురు వచ్చే మనిషైతే నికెల్ పడదేమో అని డాక్టరుకు ముందే చెప్పాలి. చర్మానికి పడనంత మాత్రాన లోపల ప్లేటు కూడా పడదని కాదు, కానీ టైటానియంతో ఆ అనుమానమే ఉండదు.

"స్టీలు వేస్తే జన్మలో ఎమ్మారై తీయరు" అన్న మాట తప్పు. 316ఎల్ అయస్కాంతానికి లాగబడే రకం స్టీలు కాదు. ఏ ప్లేటో చెబితే చాలాసార్లు తీస్తారు. చిక్కల్లా దాని చుట్టూ బొమ్మ చెదిరిపోవడం. టైటానియంలో ఆ చెదురు తక్కువ, కాబట్టి వెన్నెముకకు టైటానియమే మేలు. అక్కడ రేపు నరం ఎలా ఉందో చూడాల్సి రావచ్చు.

స్టీలే నెగ్గే చోట్లు

వంచే పనుల్లో స్టీలు సుఖం. కటి ఎముక వంపుకు తగ్గట్టు ఆపరేషన్ బల్ల దగ్గరే ప్లేటును అటూ ఇటూ వంచుతారు. టైటానియాన్ని వంచి మళ్ళీ వెనక్కి వంచితే ఆ వంచిన చోట తర్వాత విరిగే ప్రమాదం ఎక్కువ.

పిల్లల తొడ ఎముకకు వేసే సన్నని వంగే రాడ్లకు టైటానియం బాగానే ఉంటుంది. రెండు రాడ్లు వేస్తారు, ఒక్కొక్కటి మూలుగ గొట్టం సన్నని చోట వెడల్పులో సుమారు 40 శాతం ఉండాలి. పిల్లాడి బరువు 50 కిలోలకు దగ్గరపడితే టైటానియం రాడ్లు వంగిపోయి కాలు వంకర అతుకుతుంది. అక్కడ స్టీలు రాడ్లో, వేరే పద్ధతో కావాలి.

అన్నిటికంటే పెద్ద తేడా తీసేటప్పుడు. టైటానియం లాకింగ్ స్క్రూ తల ప్లేటు మరలో అతుక్కుపోతుంది. తిప్పబోతే తల అరిగిపోతుంది. అప్పుడు కార్బైడ్ డ్రిల్లుతో ఆ తలను కోసెయ్యాలి. లోహపు పొడి కండలోకి రాలుతుంది, గంట పని రెండు గంటలవుతుంది. బిగించేటప్పుడు టార్క్ (తిప్పే బలం) పరిమితి ఉన్న స్క్రూడ్రైవర్ వాడితే (3.5 మిల్లీమీటర్ల స్క్రూకు 1.5 న్యూటన్ మీటర్లు, 5కు 4) ఈ బెడద తగ్గుతుంది. కాబట్టి తర్వాత తీయించుకోవాలని ముందే అనుకుంటే, అందులోనూ కుర్రవాళ్ళ విషయంలో, మేము స్టీలు వైపే మొగ్గుతాం.

కరిగిపోయే స్క్రూలు కూడా ఉన్నాయి. పాలీలాక్టిక్ యాసిడ్ రకం మోకాలి లిగమెంటు బిగింపుకూ, పసిపిల్లల పుర్రె ఎముకలకూ పనికొస్తుంది. మెగ్నీషియం రకం కరుగుతూ హైడ్రోజన్ వాయువు వదులుతుంది. ఎక్స్‌రేలో ఆ నల్లని బుడగలు చూసి ఇన్‌ఫెక్షన్ అనుకుని కంగారు పడినవాళ్ళున్నారు. బరువు మోసే కాలి ఎముకకు ఇవి ఇంకా ప్లేటుకు సాటి కావు.

పుత్తూరు కట్టు మాట కూడా అనాలి, చెన్నైలో ఆ బోర్డులు వీధికొకటి కనిపిస్తాయి కదా. పక్కకు జరగని విరుపు కదలకుండా ఉంచితే చాలు, ఏ కట్టుతోనైనా అతకచ్చు. ముంజేతి రెండెముకలూ జరిగినా, విరుపు కీలులోకి దిగినా ప్లేటు పని కట్టు చెయ్యలేదు. కట్టు బిగుతై వేళ్ళు మొద్దుబారినా, వేళ్ళు చాస్తే భరించలేని నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే విప్పించి ఆసుపత్రికి వెళ్ళండి. చర్మం బొబ్బలెక్కి ఉంటే అవి మానేదాకా ఆపరేషన్ వాయిదా పడుతుంది.

ఏది వేయించుకున్నా ప్లేటు పెట్టె మీది స్టిక్కర్ ఒకటి, లాట్ నంబరు, సైజు కనబడేలా డిశ్చార్జి కాగితానికి అంటించి ఇమ్మనండి. ప్లేటూ స్క్రూలూ ఒకే లోహమో కాదో దాంట్లో చూసుకోవచ్చు. ఒకటి స్టీలు, ఇంకొకటి టైటానియం సాధారణంగా కలపరు. తీయించుకునేటప్పుడు ఏ కంపెనీ స్క్రూడ్రైవరు కావాలో కూడా ఆ స్టిక్కరే చెబుతుంది. ముంజేతి ప్లేటైతే ఏడాదిన్నర, రెండేళ్ళు కాకుండా తీయించకండి. తొందరపడితే అదే చోట మళ్ళీ విరుగుతుంది. తీసిన తర్వాత కూడా స్క్రూ రంధ్రాలు పూడేదాకా మూడు నాలుగు నెలలు బరువులు, కబడ్డీ వద్దు.