రాకేశ్ శర్మ, శుభాంశు శుక్లా: ఎవరి దారి ఎలాంటిది?

ఇద్దరూ అంతరిక్షానికి వెళ్లొచ్చిన భారతీయులే, ఎయిర్ ఫోర్స్ పైలట్లే, టెస్ట్ పైలట్లే, కానీ దారులు చాలా వేరు.

శర్మ హైదరాబాద్‌లో పెరిగారు, నిజాం కాలేజీలో చదివారు. 1971 యుద్ధంలో మిగ్-21 నడిపారు. 1984 ఏప్రిల్ 3న సోవియట్ వ్యోమనౌక సోయుజ్ టి-11లో వాళ్ల అంతరిక్ష కేంద్రం సాల్యూట్-7కి వెళ్లి, దాదాపు ఎనిమిది రోజులకు తిరిగొచ్చారు. అప్పట్లో మనకంటూ మనుషుల్ని పంపే కార్యక్రమమే లేదు కాబట్టి, ఆ అనుభవాన్ని వెంటనే వాడుకునే చోటు కూడా లేకపోయింది, ఆయన మళ్లీ విమానాల పరీక్షలకే వెళ్లిపోయారు. నాకు ఇప్పటికీ బాధనిపించేది ఇదే.

శర్మ వెళ్లొచ్చిన మరుసటి ఏడాది లక్నోలో పుట్టిన శుక్లా పరిస్థితి అలా కాదు. 2025 జూన్ 25న యాక్సియమ్-4 అనే ప్రైవేటు అంతరిక్ష యాత్రలో పైలట్‌గా బయల్దేరి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 18 రోజులున్నారు. మెంతులు, పెసలు అక్కడ మొలకెత్తించారు, మన వంటింట్లో తడిగుడ్డలో కట్టే అవే గింజలు! వెంట గాజర్ హల్వా కూడా పట్టుకెళ్లారు. నేర్చుకున్నదంతా గగన్‌యాన్‌కి, అంటే మనమే మనుషుల్ని అంతరిక్షానికి పంపే కార్యక్రమానికి, పనికొస్తుంది.

ధైర్యంలో ఇద్దరికీ తేడా లేదు, కానీ కెరీర్‌గా చూస్తే నేను శుక్లా దారికే ఓటేస్తాను, ఎందుకంటే ఆయన దిగేసరికి ఇక్కడ తర్వాతి పని సిద్ధంగా ఉంది.