అంబాసిడర్‌కి పసుపు లైట్లు: నాలుగేళ్లు తిరిగాక నా మాట

మొన్న సంక్రాంతికి మా బండికి పసుపు హెడ్‌లైట్లు వేయించి నాలుగేళ్లు నిండాయి. ఈ నాలుగేళ్లలో పెట్రోల్ బంకు దగ్గరా, పెళ్లిళ్లలోనూ "ఏవండీ, ఈ పచ్చ లైట్లు ఎక్కడ వేయించారు, మంచులో బాగా కనబడుతుందా" అని అడిగినవాళ్లకి లెక్కలేదు. ఒక్కొక్కళ్లకి చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. బండి 78 మోడల్ అంబాసిడర్ మార్క్ 3, నాన్నగారిది. పాత సీల్డ్ బీమ్‌లు (బల్బూ గ్లాసూ ఒకే ముక్కగా వచ్చేవి) ఆయన హయాంలోనే తీసేసి బల్బు విడిగా పెట్టుకునే హెచ్4 గ్లాసులు వేయించారు, ఏడంగుళాల గుండ్రటివి. కరెంటు తయారుచేసేది ఇంకా పాత డైనమోనే, డిమ్, బ్రైట్ మార్చే స్విచ్చి, అదే డిప్పర్, కూడా క్లచ్ పక్కన కాలితో నొక్కేదే. వారానికి రెండు మూడు సార్లు తీస్తాను, ఈ నాలుగేళ్లలో 18,000 కిలోమీటర్ల దాకా తిరిగింది.

మొదట చేసిన తెలివితక్కువ పని గ్లాసు మీద పసుపు ఫిల్మ్ అంటించడం. రెండు లైట్లకీ కలిపి 150 రూపాయలు. వారం రోజులు చూడముచ్చటగా ఉంది, తర్వాత బల్బు వేడికి జిగురు మెత్తబడి అంచులు లేచాయి, వానలు మొదలయ్యాక లోపలికి నీళ్లు దూరి బుడగలు బుడగలుగా అప్పడంలా తయారైంది. దాన్ని కిరసనాయిలూ బ్లేడూ పెట్టి గీకేసరికి ఒక ఆదివారం పోయింది. ఆ తర్వాత 300 పెట్టి పేరు లేని పసుపు బల్బులు కొన్నాను. అవి మూడు నెలలకే పూత పొరలు పొరలుగా రాలి ఒక కన్ను పసుపు, ఒక కన్ను తెలుపు అయ్యాయి. డబ్బాలో వేసి దాచాను, ఎందుకో తెలీదు.

అసలు సంగతి మూడోసారి బయటపడింది. ఈసారి మంచి కంపెనీ బల్బులే తెచ్చుకున్నా, 60/55 వాట్లవి (బ్రైట్‌కి 60, డిమ్‌కి 55), జత 1,400. బిగించమని తీసుకెళ్తే మా ఎలక్ట్రీషియన్ పెద్దాయన బల్బుల వంక చూడనైనా చూడలేదు. ఇంజన్ స్టార్ట్ చేయించి, లైట్లు వేయించి, మీటర్ తీసి ముందు బ్యాటరీ దగ్గర పెట్టాడు. 13.2 వోల్టులు. అదే మీటర్ బల్బు హోల్డర్ దగ్గర పెడితే 10.6. నా మొహం చూసి నవ్వాడు. "రంగుదేముందండి బాబూ, మీ బల్బుకి కరెంటే అందట్లేదు. పచ్చది పెడితే ఇంకా గుడ్డి దీపం అవుద్ది."

ఇది మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత బండ్లన్నిటికీ ఉన్న జబ్బే ఇది. పాత వైరింగ్‌లో లైట్ల కరెంటు మొత్తం డాష్‌బోర్డు స్విచ్చిలోంచి, అక్కణ్నుంచి కాలికింద డిప్పర్‌లోంచి తిరిగి తిరిగి బల్బుకి చేరుతుంది. మా దగ్గర తేమా, ఉప్పు గాలీ, బూట్లకి అంటుకొచ్చే బురదా కలిసి డిప్పర్ లోపల ఆకుపచ్చ చిలుము పట్టింది. ఎర్తు వైరు బిగించిన చోట బోల్టు వేలితో నలిపితే పొడి రాలింది. ప్రతి కీలు దగ్గరా కొంచెం కొంచెం వోల్టేజి పోతుంది. హాలోజన్ బల్బుకి వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది, అయిదో వంతు తగ్గితే సగం కూడా మిగలదు. అంటే ఇన్నాళ్లూ నేను సగం దీపంతో తిరిగి, కనబడట్లేదని రంగు మార్చుకుంటూ కూర్చున్నా.

ఆయన రెండు రిలేలు పెట్టాడు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చిలు, డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు 30 నంబరు పిన్నుకి, 87 నుంచి బల్బుకి. పాత స్విచ్చి వైరు 86కి, 85 ఎర్తుకి. ఇప్పుడు ఆ ముసలి స్విచ్చీ, డిప్పరూ రిలేని లేపడానికే, బరువు వాటి మీద లేదు. ఎర్తు పాయింట్లు గరుకు కాగితంతో రుద్ది కొత్త వైరు లాగాడు. రిలేలూ వైర్లూ 650, కూలి 500. మళ్లీ మీటర్ పెడితే హోల్డర్ దగ్గర 12.8. ఆ రాత్రి ఇంటికొస్తుంటే మా ఆవిడ "కొత్త లైట్లు ఇంత బాగున్నాయేంటండీ" అంది. అప్పటికి పసుపు బల్బులు ఇంకా బిగించనే లేదు, పాత తెల్ల బల్బులే!

పసుపువి వారం తర్వాత బిగించాం. కానీ నాకో అనుమానం పట్టుకుంది, ఈ పసుపు నిజంగా పనిచేస్తోందా, లేక వైరింగ్ చేసిన మేలు దీని ఖాతాలో రాసుకుంటున్నానా అని. అందుకే ఆ ధనుర్మాసంలో ఎడమ పక్క పసుపు, కుడి పక్క తెలుపు పెట్టి పది రోజులు తిరిగాను. ఊళ్లో అందరూ "బల్బు పోయిందండీ" అని చెప్పినవాళ్లే. ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి బాగా మంచు పట్టింది, చేపల చెరువుల మీంచి తెరలు తెరలుగా లేచి కాలువ గట్టు మొత్తం కప్పేసింది. గట్టు పక్కన కొబ్బరిచెట్లు వరసగా ఉన్నచోట బండి ఆపి, ఒక పక్క సాకెట్టు పీకి ఒకసారి, రెండో పక్కది పీకి ఒకసారి చూశాను. పక్కనే మావాడు దుప్పటి కప్పుకుని లెక్కపెట్టాడు. తెల్ల లైటుకి నాలుగో చెట్టు మొదలు దాకా కనబడింది. పసుపుకీ నాలుగే. అయిదోది రెండింటికీ లేదు. కాకపోతే తెల్ల లైటు వేసినప్పుడు ఎదురుగా సున్నం కొట్టిన గోడ లేచినట్టు కళ్లల్లోకి కొట్టింది, పసుపుకి అదే గోడ మెత్తగా ఉంది. అరగంట నడిపాక తేడా కంటికి తెలుస్తుంది, నుదురు చిట్లించడం తగ్గుతుంది.

కారణం కూడా అంతే. మంచు బొట్టు కాంతి అలల కన్నా ఎన్నో రెట్లు పెద్దది, దానికి తెలుపూ పసుపూ ఒకటే, అన్నిటినీ ఒకేలా చెదరగొడుతుంది. పసుపు పూత చేసేదల్లా కంటిని ఎక్కువ ఇబ్బంది పెట్టే నీలం, ఊదా వెలుగుని ఆపేయడం. మంచుని చీల్చుకుని పోతుంది అని అమ్మేవాడు చెప్పేది నమ్మకండి.

నాకు అనుకోకుండా దొరికిన లాభం పురుగులు తగ్గడం. సార్వా చేలు కోతకొచ్చే రోజుల్లో మా రోడ్ల మీద పచ్చదోమ ఎలా మూగుతుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్ల లైటుతో గేటు దగ్గర రెండు నిమిషాలు ఆగితే గ్లాసు మీద పిండి చల్లినట్టుండేది. పసుపుకి రాకుండా ఉండవు, బాగా తక్కువ వస్తాయి.

యానాంలో మా ఫ్రెండొకడు బండి చూసి "మా ఫ్రెంచివాళ్లు 1954లో వెళ్లిపోయారు, నువ్వు ఫ్రెంచి లైట్లు పెట్టుకుని ఇప్పుడొచ్చావా" అని ఏడిపించాడు. వాడు అన్నదాంట్లో విషయం ఉంది. ఫ్రాన్స్‌లో 1930ల చివర్నుంచి 1993 దాకా కార్లకి పసుపు హెడ్‌లైట్లే ఉండాలని చట్టం. అందుకే అక్కడి పాత పసుపు గ్లాసులు అప్పుడప్పుడూ అమ్మకానికి వస్తుంటాయి, నాకూ ఒకాయన చూపించాడు, చూస్తే మోజు పుట్టేలా ఉన్నాయి. తీసుకోలేదు. వాళ్లు రోడ్డుకి కుడివైపు నడుపుతారు కాబట్టి డిమ్ వెలుగు కుడి పక్కకి పైకి లేచేలా గ్లాసు కోస్తారు. మన దగ్గర అది సూటిగా ఎదురొచ్చేవాడి కళ్లల్లో పడుతుంది.

ఇక నచ్చనివి. పసుపు పూత ఎంతో కొంత వెలుగు తినేస్తుంది, అది వానలో తెలిసిపోతుంది. అమలాపురంలో పెళ్లికి వెళ్లి రాజోలు మీదుగా వస్తుంటే దిండి దాటాక, చించినాడ వంతెన ఎక్కకముందే కుండపోత పట్టుకుంది. తడిసిన నల్ల తారు మీద పసుపు వెలుగు ఇంకిపోయినట్టయింది, ముందు పోతున్న ధాన్యం ట్రాక్టరు, వెనక ఎర్ర లైటు లేనిది, దగ్గరికొచ్చేదాకా కనబడలేదు. గుండె జారింది. వెలుగు చాలట్లేదని 100/90 బల్బులు వేద్దామా అనుకున్నా కానీ అవి బ్రైట్‌లో 16, 17 ఆంపియర్లు లాగుతాయి, మా డైనమో ఇప్పటి బల్బుల 10 ఆంపియర్లకే ఇంజన్ స్లోలో ఉంటే డాష్‌బోర్డులో ఛార్జింగ్ ఎర్ర లైటు చూపిస్తుంది. పైగా ఆ వేడికి రిఫ్లెక్టర్ మాడుతుంది.

ఇంకోటి, రెండో ఏడాది ఎడమ బల్బు పోతే ఒక్కటే మారుస్తే సరిపోలేదు, కొత్తది ముదురుగా, పాతది లేతగా కనబడింది. జతగానే కొనండి. మార్చిన ప్రతిసారీ రైస్ మిల్లు గోడకి పాతిక అడుగుల దూరంలో ఆపి, పై స్క్రూతో ఎత్తూ పక్క స్క్రూతో అడ్డమూ సరిచూసుకుంటాను.

మళ్లీ వేయిస్తావా అంటే, రిలేలు రేపే వేయిస్తా. పసుపు బల్బులు దీపావళి నుంచి మాఘం దాకా ఉంచుతాను, ఆ తర్వాత వానలు మొదలయ్యేలోగా తీసి తెల్లవి పెడుతున్నాను రెండేళ్లుగా. మార్చడం పావుగంట పని, కింద స్క్రూ విప్పి క్రోమ్ రింగు లాగితే చాలు. ఈసారి కుడి పక్క బల్బు వెనక రబ్బరు టోపీ చిరిగి గ్లాసు లోపల చెమ్మ కనబడుతోంది, అది దొరకడానికి భీమవరం వెళ్లాలి.