పాత బెంజ్ లారీకి ఆయిల్ గేజు పైపు: ఆ మొదటి మూరెడే అసలు సంగతి

ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి చూపే గేజుకు మా లారీ మీద నైలాన్ ట్యూబు వాడాను, మొత్తం రాగి పైపు వాడాను. ఇప్పుడున్నది ఇంజిన్ దగ్గర మూరెడు టెఫ్లాన్ హోసు, అక్కడి నుంచి డ్యాష్‌బోర్డు దాకా రాగి. ఆరేడేళ్లుగా ఇదే నడుస్తోంది. పాత బండి పెట్టుకున్నవాళ్లు ఎవరడిగినా ఇదే వేయించుకోమంటాను.

బండి 1960ల నాటి టాటా మెర్సిడెస్ బెంజ్. టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) వాళ్లు డైమ్లర్ బెంజ్‌తో 1954లో కలిసి, 1969 దాకా తయారు చేసిన బండ్లలో ఇదొకటి. ముందు జాలీ మీద మూడు కొమ్మల చుక్క ఇంకా చెక్కుచెదరలేదు. హాలియా దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద మా పొలం. కోతలప్పుడు వడ్లు నిడమనూరు మీదుగా మిర్యాలగూడ మిల్లులకు వెళ్తాయి, తక్కిన కాలమంతా గడ్డి, ఎరువు బస్తాలు. మా నాయన నడిపిన బండి. అందుకే దీని ఇంజిన్ మీద నాకంత పట్టింపు.

ఇందులో ఆయిల్ గేజుకు కరెంటు అక్కర్లేదు. ఇంజిన్‌లోని ఆయిలే సన్నటి పైపులోంచి గేజు దాకా వస్తుంది. గేజు లోపల వంపు తిరిగిన చదునైన గొట్టం ఉంటుంది. ఒత్తిడి పెరిగితే ఆ వంపు విచ్చుకుంటుంది, ముల్లు తిరుగుతుంది. ఫ్రాన్సులో యూజీన్ బూర్డాన్ 1849లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది, ఇప్పటికీ ఇంతకన్నా నమ్మకమైనది నేను చూడలేదు. పైపులో ఆయిల్ పారదు, నిండి నిలబడే ఉంటుంది. అందుకే పైపు ఎంత సన్నగా ఉన్నా ఇబ్బంది లేదు. తెగినప్పుడే ప్రమాదం. పంపు ఆగకుండా తోడిపోస్తుంది, ఇంజిన్ పొగ బయటికి పోయే, కాలుతున్న మేనిఫోల్డు మీద ఆయిల్ పడితే మంట అంటుకోవచ్చు.

కంపెనీ నుంచి వచ్చిన రాగి పైపు దశాబ్దాలు పనిచేసింది. అది అరిగాక బజారులో దొరికే నైలాన్ కిట్ తెచ్చి వేయించాం. చవక, బిగించడం తేలిక, లోపల ఆయిల్ కూడా కనబడుతుంది. మొదటి ఎండాకాలం గడిచేసరికి తెల్లటి ట్యూబు పసుపు రంగుకు తిరిగి, వంచితే పెళుసుగా టప్పుమంది. నల్లగొండ ఎండల్లో, లోడు మీద, బోనెట్ కింద ఉండే వేడికి నైలాన్ తట్టుకోదు. కారుకైతే, అదీ సైలెన్సర్ పైపుకు దూరంగా పోనిస్తే, సరిపోతుందేమో. లారీకి వద్దు.

తర్వాత మొత్తం రాగి. వేడి దానికి లెక్కే కాదు, కానీ ఇంజిన్ ఊగుతుంది, క్యాబిన్ వేరేగా ఊగుతుంది. ఆ రెండు ఊపుల మధ్య రాగి రోజురోజుకూ గట్టిపడి, నట్టు మొదట్లో వెంట్రుకంత పగులు ఇస్తుంది. మిర్యాలగూడ మేస్త్రి ఒకాయన పగులును గోటితో చూపించి, "పైపు ఎన్నడు నడుమ తెగది తమ్మీ, ఇంజిన్ కాడ మొదటి మూరెడుల్నే తెగుతది" అన్నాడు. తర్వాత నేను చూసిన ఏ పాత బండిలోనూ ఆ మాట తప్పలేదు.

రాగినే వాడాలనుకుంటే ఇంజిన్ దగ్గర రెండు మూడు చుట్లు తిప్పి వదలాలి, ఊపును ఆ చుట్లు తీసుకుంటాయి. చుట్టే ముందు పైపును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. కత్తి, కొడవలి ఇనుము అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. కొలిమి దగ్గర పెరిగినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కాకపోతే బండి తిరిగేకొద్దీ మళ్లీ గట్టిపడుతుంది కాబట్టి, కొన్నేళ్లకోసారి విప్పి కాల్చక తప్పదు.

ఆ పని తప్పించేదే హోసు. జేసీబీలకు, మిల్లు బాయిలర్లకు పైపులు ప్రెస్ చేసిచ్చే షాపులో, లోపల టెఫ్లాన్, పైన స్టీలు అల్లిక ఉన్నది చేయించాను. టెఫ్లాన్ 260 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. ఒత్తిడి గురించి బెంగే లేదు, మా ఇంజిన్ ఇచ్చేది మహా అయితే చదరపు సెంటీమీటరుకు ఐదారు కిలోలు. నైలాన్ కిట్‌తో పోలిస్తే ధర చాలా ఎక్కువ, అయినా ఇంజిన్ ఖరీదు ముందు అదెంత.

థ్రెడ్ దగ్గర తొందరపడొద్దు. ఒకటిలో ఎనిమిదో వంతు అంగుళం సైజులోనే రెండు రకాలున్నాయి: అమెరికా కొలతకు అంగుళానికి 27 చుట్లు, బ్రిటిష్ కొలతకు 28. ఒకదానిలో ఒకటి కొంతదూరం ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది, తర్వాత కారుతుంది. ఇవి చాలవన్నట్టు మిల్లీమీటర్ థ్రెడ్ వేరే. పాత యూనియన్‌ను, అంటే పైపును ఇంజిన్‌కు కలిపే జాయింటు ముక్కను, షాపుకు తీసుకెళ్లి పక్కన పెట్టి చూడాలి. ఇంజిన్ వైపు యూనియన్‌లో సూదిమొనంత రంధ్రమే ఉండేలా చేయించండి. పైపు తెగినా ఆయిల్ సన్నగానే పోతుంది, మనకు ఇంజిన్ ఆపే టైము దొరుకుతుంది, ముల్లు వణుకు కూడా తగ్గుతుంది.

రాగిని రంపంతో కొయ్యకండి, రజను లోపల పడుతుంది. పైపు కట్టర్ వాడాలి. ముందు నట్టు, తర్వాత ఫెర్రూల్ (నట్టు బిగిస్తే పైపును పట్టుకునే చిన్న రింగు) ఎక్కించాలి, ఫెర్రూల్ ప్రతిసారీ కొత్తదే. ఆ జాయింటుకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, పోగులు ఊడి సన్న రంధ్రాన్ని మూసేస్తాయి. క్యాబిన్ రేకులోంచి దూరే చోట రబ్బరు వేయాలి. సెల్ఫ్ మోటారు టెర్మినల్‌కు పైపు జానెడు దూరంలోకి కూడా రాకూడదు. తగిలితే షార్టై రాగికి బొక్క పడుతుంది. అంతా అయ్యాక ఇంజిన్ స్లోలో పెట్టి, గేజు వైపు నట్టు కాస్త వదులు చేసి, బుడగలు ఆగాక బిగిస్తే గాలి పోతుంది. గాలి మిగిలితే ముల్లు మెల్లగా లేస్తుంది.

మా బండిలో చలికాలం పొద్దున ముల్లు ఐదు దాటుతుంది, వేడెక్కాక రోడ్డు మీద మూడు నాలుగు మధ్య, స్లోలో ఒకటిన్నర. కొత్త గేజులు పౌండ్లలో (చదరపు అంగుళానికి) వస్తాయి, చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి అంటే చదరపు అంగుళానికి దాదాపు 14 పౌండ్లని గుర్తుంచుకుంటే చాలు. ఈ పైపు వేశాక దేవరకొండ రోడ్డు మీద కూడా ముల్లు ఉన్నచోటే ఉంటోంది, జాయింట్ల దగ్గర తడి లేదు.

హోసుతో నాకున్న ఫిర్యాదు ఒక్కటే. స్టీలు అల్లిక ఆకురాయిలా పక్కనున్నదాన్ని రాసేస్తుంది; హారన్ వైరు తొడుగు అలాగే పోయింది. ఇప్పుడు పాత రబ్బరు ట్యూబు నిలువునా చీల్చి దానిపైన తొడిగాను, క్లిప్పులు కూడా రబ్బరు ఉన్నవే. హోసు చేయించేటప్పుడే ఆ తొడుగు అడగండి.

ఇంజిన్ వైపు థ్రెడ్‌కు సరిపోయే డమ్మీ బోల్టు, రాగి వాషరుతో సహా, టూల్ బాక్సులో ఉంచాను. ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడితే ముందు ఇంజిన్ ఆపాలి. పైపే తెగిందని కళ్లతో చూసి, రంధ్రం మూసి, డిప్‌స్టిక్ చూసి తగ్గినంత ఆయిల్ పోసి, దగ్గరి షెడ్డు దాకా మెల్లగా పోవచ్చు. పైపు బాగానే ఉండి ముల్లు పడితే మాత్రం సెల్ఫ్ ముట్టుకోకండి, బండిని కట్టి లాగించండి.