వాడేసిన వంటనూనె కొంటున్నారా? డ్రమ్ము అడుగు చూడకుండా డబ్బు చేతికివ్వకండి

బయోడీజిల్ కోసం కాగిన నూనె కొనే చిన్న యూనిట్లవాళ్లందరికీ ఈ హెచ్చరిక. మోసం ఇలా నడుస్తోంది. ముందు సీసాలో శాంపిల్ వస్తుంది. తేనె రంగులో తేటగా ఉంటుంది, నూనెలో ఆమ్లం ఎంతో కొలిచే టైట్రేషన్ 2 దగ్గర ఆగుతుంది. బేరం కుదిరి అడ్వాన్సు వెళ్లాక దిగే డ్రమ్ముల్లో ఆ నూనె పై జానెడు మాత్రమే. దాని కింద నీళ్లు, మాడిన పిండి మడ్డి, గడ్డకట్టిన కొవ్వు, ఒక్కోసారి గ్రీజు ట్రాపులోంచి (వంటగది మురుగునీటిలోని జిడ్డును ఆపే తొట్టి) తోడిన మురికి. గట్టిగా అడిగితే "మీకొద్దంటే సాయంత్రానికి ఇంకొకరు ఎత్తుకెళ్తారు" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు, అందుకే చాలామంది నోరు మూసుకుని దించుకుంటున్నారు.

ఒకప్పుడు ఎవరైనా తీసుకెళ్తే చాలనుకున్న సరుకు ఇది. ఇప్పుడు దీనికి గిరాకీ పెరిగింది. యూరోపియన్ యూనియన్ 2009 నాటి ఆదేశంలో వ్యర్థ నూనెతో చేసిన ఇంధనాన్ని, రవాణాలో పునరుత్పాదక ఇంధన లక్ష్యాల లెక్కలో రెట్టింపుగా చూపించుకోనిచ్చింది. ఇప్పుడు విమానాల వంతు వచ్చింది. అక్కడి విమానాశ్రయాల్లో పోసే ఇంధనంలో 2025 నుంచి 2 శాతం, 2030 నుంచి 6 శాతం పర్యావరణహిత ఇంధనం ఉండాలి. దాని తయారీకి తేలిగ్గా దొరికే ముడిసరుకుల్లో మన డ్రమ్ములోని నూనె ఒకటి. చైనా కూడా ఈ నూనె ఎగుమతులకిచ్చే పన్ను వాపసును 2024 డిసెంబరు 1 నుంచి ఎత్తేసింది, అంటే అక్కడి నూనె బయటివాళ్లకు చవగ్గా దొరకడం తగ్గుతుంది. పైగా హైడ్రోజన్‌తో శుద్ధి చేసే పెద్ద రిఫైనరీలకు నూనెలోని ఫ్రీ ఫ్యాటీ ఆమ్లాలతో (నూనె చెడినకొద్దీ అందులోంచి విడిపోయే ఆమ్లాలు) పేచీ లేదు. వాటి భయమల్లా ఫాస్ఫరస్, లోహాలు, క్లోరిన్ అంటేనే. కాస్టిక్, మిథనాల్‌తో పనిచేసే మనకు ఆ ఆమ్లాలే శత్రువులు. వాళ్లు టోకున ఊడ్చుకుపోయాక మిగిలిన డ్రమ్ము మన గుమ్మం ముందు దిగుతుంది.

కాబట్టి అమ్మేవాడు పంపిన సీసాను లెక్కలోకి తీసుకోకండి. మీటరు పైన పొడవున్న, రెండు కొసలూ తెరిచిన పారదర్శక గొట్టం ఒకటి దగ్గర పెట్టుకోండి. పై కొసను మూయకుండా నిదానంగా డ్రమ్ములోకి దించండి. అడుగు తగిలాక బొటనవేలితో పైన గట్టిగా మూసి పైకి తీయండి. డ్రమ్ము లోపలి పొరలన్నీ గొట్టంలో అదే వరసలో నిలబడి కనిపిస్తాయి. వేలు మూసి దించితే మాత్రం లోపలి గాలి అడ్డుపడి అడుగు సరుకు లోపలికి రాదు. ఈ చిన్న పొరపాటు వల్లే "మేమూ గొట్టం వేసే చూశాం" అన్నవాళ్లు మోసపోతుంటారు. దించేటప్పుడు లోడు కుదుపుకి అన్నీ కలిసిపోయి ఉంటాయి, కాసేపు తేరుకోనిచ్చి తీయండి. ఏదో ఒక డ్రమ్ము కాదు, ప్రతి డ్రమ్మూ చూడాలి.

తూకం మీద కొంటే ఇంకో చిక్కు. 200 లీటర్ల డ్రమ్ములో శుభ్రమైన నూనె 184 కిలోలు తూగుతుంది. అందులో 30 లీటర్ల నూనె తీసేసి నీళ్లు పోస్తే తూకం 186 కిలోలు దాటుతుంది. కాటా మీద ఆ తేడా ఎవరికీ పట్టుబడదు, పైగా సరుకు మొగ్గుగా ఇచ్చినట్టే ఉంటుంది. చేతికొచ్చే నూనె మాత్రం 170 లీటర్లే.

అడుగున పేరుకున్న నీళ్లు నయం, కళ్లకు కనిపిస్తాయి. నూనెలో కలిసిపోయిన నీళ్లే కొంప ముంచేది. బాగా వేడెక్కిన పెనం మీద అర చెంచా నూనె వేసి చూడండి. చిటపటలాడినా, గట్టిగా బుడగలు లేచినా తడి ఉన్నట్టే. ఎంతో తేల్చాలంటే 100 గ్రాములు తూచి, వెడల్పు గిన్నెలో సన్నసెగ మీద 120 డిగ్రీల దాకా నిదానంగా కాచి, బుడగలు ఆగాక మళ్లీ తూచండి. తగ్గిన గ్రాములే నీటి శాతం. సెగ పెంచితే నూనె ఎగిరి మీద పడుతుంది, జాగ్రత్త. రియాక్టర్‌లోకి వెళ్లే నూనెలో వెయ్యి లీటర్లకు లీటరు నీళ్లు మించకూడదు.

టైట్రేషన్ మీ చేత్తో మీరే చేయండి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము కాస్టిక్ సోడా కలిపిన ద్రావణం, 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రంగు మారి ఆచూకీ చెప్పే ఫినాల్ఫ్థలీన్ కొన్ని చుక్కలు సిద్ధం చేసుకోండి. ముందు ఉత్త ఆల్కహాల్‌ను లేత గులాబీ రంగుకు తెచ్చి, అప్పుడు 1 మి.లీ. నూనె వేయండి. సోడా ద్రావణం చుక్కచుక్కగా వదులుతూ, గులాబీ రంగు 15 సెకన్లు నిలిచేదాకా ఎన్ని మి.లీ. పట్టిందో చూడండి. ఒక్కో మి.లీ. అంటే సుమారు 0.77 శాతం ఫ్రీ ఫ్యాటీ ఆమ్లం. 3 లోపు హాయిగా నడుస్తుంది. 4 దాటితే ధర తగ్గించమనండి. 8 వస్తే లీటరుకు మామూలుగా వేసే 5 గ్రాముల సోడాకు తోడు ఇంకో 8 గ్రాములు పడుతుంది. ఆ 8 గ్రాములూ పోయేది సబ్బు చేయడానికే. 200 లీటర్ల బ్యాచ్‌లో అది 12 కిలోల సబ్బు! బయోడీజిల్‌తో పాటు తయారయ్యే గ్లిజరిన్ విడిపోదు, కడిగేటప్పుడు మొత్తం మజ్జిగలా విరుగుతుంది, బయోడీజిల్ కూడా అందులో ఇరుక్కుపోతుంది.

అయితే టైట్రేషన్ తక్కువ రాగానే పొంగిపోవద్దు. చెడ్డ నూనెలో ముందే సోడా కలిపేస్తే ఆమ్లం సబ్బుగా మారిపోతుంది, అంకె అందంగా 1 చూపిస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలికే. సీసాలో సగం నూనె, సగం గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్ పోసి పది సెకన్లు ఊపండి. మంచి నూనె అరగంటలో చాలావరకు విడిపోతుంది. పాలలా తెల్లగా అలాగే నిలిచిపోతే సబ్బును అనుమానించాల్సిందే.

అన్నిటికంటే ప్రమాదం ఇంజన్ ఆయిల్ లాంటి ఖనిజ తైలం కలిసిన సరుకు. టైట్రేషన్‌కు అది దొరకదు. 1 మి.లీ. నూనెను ఆల్కహాల్‌లో కరిగించిన అర నార్మల్ గాఢత కాస్టిక్ పొటాష్ 25 మి.లీ.తో, మంటకు దూరంగా వేడినీళ్ల గిన్నెలో పెట్టి తేటపడేదాకా కాచండి. తర్వాత 25 మి.లీ. వేడినీళ్లు పోయండి. వంటనూనె అంతా సబ్బై తేటగా ఉంటుంది, ఖనిజ తైలం ఉంటే మబ్బు పడుతుంది. ఇది చేయకుండా బ్యాచ్ వేసేస్తే గుట్టు చివర్లో బయటపడుతుంది. 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. బయోడీజిల్ వేసి చూస్తే అడుగున చుక్క మిగులుతుంది. సరిగా మారలేదేమోనని మళ్లీ ప్రాసెస్ చేస్తారు, మళ్లీ చుక్క. ఖనిజ తైలం మిథనాల్‌లో కరగదు, ఎన్నిసార్లు తిప్పినా అంతే.

కొందరు నూనె కాగినకొద్దీ పెరిగే చెడు పదార్థాల శాతం చూపే టోటల్ పోలార్ కాంపౌండ్స్ మీటరు చూపించి "25 దాటలేదు, మంచి నూనె" అంటారు. వేపుడుకు పనికొస్తుందో లేదో చెప్పే అంకె అది. మన పనికి దాంతో ఒరిగేదేమీ లేదు.

ఇప్పటికే దించుకుని ఉంటే, 60 డిగ్రీలకు వేడిచేసి ఒక రోజంతా తేరనిచ్చి అడుగు నీళ్లు, మడ్డి వదిలేయండి. పాత బ్యాచ్ గ్లిజరిన్ ఉంటే అందులో కలిపి తిప్పి మళ్లీ తేరనివ్వండి. గ్లిజరిన్‌లో మిగిలిన సోడా కొంత ఆమ్లాన్ని లాగేస్తుంది, టైట్రేషన్ కాస్త దిగుతుంది. గ్రీజు ట్రాపు మురికి మాత్రం ఇలా బాగుపడదు. మురుగు వాసన వస్తే వెనక్కి పంపడమే.

బేరం కాగితం మీద పెట్టుకోండి. అడుగు నుంచి తీసిన శాంపిల్‌లో నీళ్లు 1 శాతం, టైట్రేషన్ 4 మించితే ధరలో కోత ఎంతో, ఎంత దాటితే లోడు వాపసో రాసుకోండి. నెలనెలా ఇంత పోస్తామన్న మాట మీద పెద్ద అడ్వాన్సు వద్దు, పక్కవాడు కాస్త ఎక్కువిస్తే ఆ సరుకు అటే పోతుంది. నూనె ఏ వంటగది నుంచి, ఏ తేదీన ఎత్తారో చెప్పే రసీదులు అడగండి. వంటగదుల వెనక డబ్బాల తాళాలు పగలగొట్టి తోడుకెళ్లిన నూనె కూడా చేతులు మారుతోంది, రేపు సమాధానం చెప్పాల్సింది కొన్నవాళ్లే. దించే ముందు ప్రతి లోడు నుంచీ రెండు సీసాలు నింపి, డ్రైవర్ సంతకంతో సీలు వేసి, ఒకటి అతనికే ఇచ్చి పంపండి.